పోయినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నట్టు?

మన లైన్లలో క్రైస్తవుల ఇంట ఎవరైనా పోతే తెల్లారేసరికి ఫ్లెక్సీ కట్టేస్తారు. ఫోటో కింద ఒకరు "మహిమ ప్రవేశం" అని రాయిస్తారు. ఇంకొకరు "ప్రభువునందు నిద్రించారు" అంటారు. కథోలికుల ఇల్లయితే ఆత్మశాంతి కోసం ప్రార్థన చెయ్యమని ఉంటుంది. రోజూ చూసే మాటలే కాబట్టి ఎవరూ ఆగి చదవరు. ఆగి చదివితే మూడూ మూడు వేరే సంగతులు చెబుతున్నాయి. మొదటి లెక్కన ఆ మనిషి చేరాల్సిన చోటికి చేరిపోయాడు. రెండో లెక్కన ఇంకా చేరలేదు, పడుకున్నాడు, ఎవరో వచ్చి లేపాలి. మూడో లెక్కన దారిలో ఉన్నాడు, వెనకున్న మన సాయం అతనికి కావాలి.

నాకు ఈ మూడూ ఇంటి సంగతులే. మా పుట్టిల్లు సాలూరు, లూథరన్లం. అత్తవారు కథోలికులు. మా ఆడపడుచు పెళ్ళయ్యాక పెంతెకొస్తు సంఘంలో కలిసింది. మునిగుడ వచ్చాక ఈ మూడు రకాల ఆదరణ కూటాలకీ వంటలు చేశాను, వాక్యాలూ విన్నాను. నవంబరులో సమాధుల పండుగ వస్తుంది కదా, ఏదైనా రాయండమ్మా అని పత్రికవాళ్ళు అడిగితే అందుకే ఒప్పుకున్నాను. నేను పాస్టరమ్మను కాను. విన్నదీ, చదివిందీ, అడిగి తెలుసుకున్నదీ చెబుతాను.

ముందు మన చుట్టుపక్కల వాళ్ళ గురించి చెప్పాలి. 1936 దాకా ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. మన తెలుగువాళ్ళు ఇక్కడ ఇంతమంది ఉండడానికి అదొక కారణం. అంతకు ముందే, 1882లో, జర్మనీలోని బ్రెక్లుమ్ అనే ఊరి మిషను తరఫున మొదటి మిషనరీలు కోరాపుట్ వైపు వచ్చారు. నేటి జయపూర్ ఎవాంజెలికల్ లూథరన్ సంఘానికి వేరు అదే. మా సాలూరు కూడా వాళ్ళ స్టేషనే. అక్కడ పనిచేసిన షుల్జ్ అనే మిషనరీ 1911లో కువి భాషకు వ్యాకరణం అచ్చు వేయించాడు. నియమగిరి కోదులు మాట్లాడే భాష అది. భాష నేర్చుకున్నాక తమ మాట చెప్పాలి కదా. చచ్చిపోయినవాడు ఎక్కడికి పోతాడో చెప్పాలి. అయితే ఈ కొండల్లో ఆ ప్రశ్నకు జవాబు లేని ఇల్లు లేదు. కోదుల్లో బిడ్డ పుడితే నీళ్ళలో బియ్యపు గింజలు వేసి, ఏ తాతో ముత్తాతో తిరిగి వచ్చాడని చూసి ఆ పేరు పెట్టేవారని 1840ల్లో ఇక్కడ తిరిగిన తెల్లదొర మాక్‌ఫర్సన్ రాసిపెట్టాడు. పోయినవాడు ఎక్కడికో పోలేదు, మన ఉయ్యాలలోకే వచ్చాడని వాళ్ళ నమ్మకం.

గుణుపురం వైపు సవరల సంగతి ఇంకా విచిత్రం. వీళ్ళ భాషను చదువుకున్న ప్రపంచానికి చూపించింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. పర్లాకిమిడిలో మాస్టరుగా ఉంటూ సవర నేర్చుకుని, 1931లో ఆ భాష మీద పెద్ద పుస్తకం వేశారు, 1938లో నిఘంటువు తెచ్చారు. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే మనకు ఆయన తెలుసు. ఆ తర్వాత 1975 నుంచి పియర్స్ విటెబ్స్కీ అనే ఇంగ్లండు పండితుడు సవర ఊళ్ళలో ఏళ్ళ తరబడి ఉండి రాశాడు. ఆయన చూసిందేమంటే, సవరలు చనిపోయినవాళ్ళతో మాట్లాడతారు. పూనకంలోకి వెళ్ళే ఆడమనిషి నోట పోయిన తల్లి వస్తుంది, పోయిన మొగుడు వస్తాడు. బంధువులు చుట్టూ కూర్చుని పోట్లాడతారు, ఏడుస్తారు, అప్పుల సంగతీ అడుగుతారు. మనిషి ఎలా పోతే అలాంటి చోటికి వెళతాడు. చిరుతపులి చంపినవాడు చిరుత దగ్గర, ప్రమాదంలో పోయినవాడు సూర్యుడి దగ్గర. మొదట్లో ఆ చనిపోయినవాడు ప్రమాదకరం, బతికున్నవాళ్ళను కూడా అదే చావుకి లాగుతాడు. ఏళ్ళు గడిచి, మాటల మీద మాటలు జరిగి, వాడి కోపం చల్లారి పెద్దల్లో కలుస్తాడు, పిల్లలకు పేరు ఇస్తాడు. ఆఖరికి వాడికి రెండో చావు వచ్చి సీతాకోకచిలుక అయిపోతాడు.

కెనడా బాప్టిస్టు మిషను పనివల్ల ఆ ఊళ్ళలో యువతరం పెద్ద ఎత్తున క్రైస్తవం తీసుకుంది. దాంతో ఆ మాటలు ఆగిపోయాయి. పోయినవాళ్ళు యేసు దగ్గర ఉన్నారు, వాళ్ళతో మాట్లాడే పని లేదు. విటెబ్స్కీ 2017లో వేసిన పుస్తకం పేరుకే అర్థం "చనిపోయినవాళ్ళు లేకుండా బతకడం" అని. పిల్లలకు చదువొచ్చింది, దెయ్యాల భయం పోయింది, జంతుబలుల ఖర్చు పోయింది. కానీ పోయిన బిడ్డతో మాట్లాడే దారి మూసుకుపోయిన ముసలి తల్లుల మాటో? అది కూడా ఆయన రాశాడు. మన క్రైస్తవ బోధ ఏం ఇస్తుందో చెప్పేటప్పుడు ఏం తీసుకుందో కూడా చెప్పాలని నా అభిప్రాయం. లేకపోతే దుఃఖంలో ఉన్నవాళ్ళకు మన మాట అతకదు.

ఇక మన బోధ దగ్గరికి వద్దాం. చిక్కు సగం మాటల్లోనే ఉంది. "నరకం" అనే మాట క్రైస్తవులు కొత్తగా పుట్టించింది కాదు. పురాణాల్లో నరకం అంటే శిక్ష అనుభవించి మళ్ళీ జన్మకు తిరిగొచ్చే చోటు, గడువున్న జైలు లాంటిది. బైబిలు తెలుగు చేసినవాళ్ళు ఆ మాటే తీసుకుని గెహెన్నాకు పెట్టారు. గెహెన్నా అంటే యెరూషలేము పక్కన ఉన్న హిన్నోము లోయ, పూర్వం పిల్లల్ని అగ్నికి బలి ఇచ్చారని చెడ్డపేరు మోసిన చోటు. చచ్చినవాళ్ళు చేరే హేడీసుకు "పాతాళం" అని పెట్టారు. అది వేరు, ఇది వేరు. ధనవంతుడు, లాజరు కథలో ధనవంతుడు ఉన్నది పాతాళంలో. కూటాల్లో మాత్రం రెండూ కలిపి ఒకే మంట చేసేస్తారు. స్వర్గం అంటే ఇంద్రుడూ రంభా గుర్తొస్తారు కాబట్టి బైబిల్లో "పరలోకం" అన్నారు. కథోలికులు "మోక్షం" అనే మాటను కూడా కలుపుకున్నారు. మరియమ్మ తల్లి పండుగను ఆగస్టు 15న మోక్షారోపణ పండుగ అనే అంటాం. ఇక్కడా మాట పాతదే, అర్థం కొత్తది. కథోలికుల మోక్షం అంటే జన్మల నుంచి విడుదల కాదు, దేవుణ్ణి ముఖాముఖి చూడడం.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది క్రైస్తవుల మనసులో ఉన్న బొమ్మ ఇదీ: మనిషి పోతాడు, ఆత్మ పిట్టలా ఎగిరి పరలోకం చేరుతుంది, కథ అయిపోయింది. ప్రతి ఆదివారం మనం చెప్పుకునే విశ్వాస ప్రమాణంలో ఆఖర్న ఏముందో గమనించండి. ఆత్మ ఎగిరిపోతుందని ఒక్క ముక్క లేదు. శరీరం తిరిగి లేస్తుందని ఉంది. అంటే చావు తర్వాత రెండు మెట్లు. మొదటిది ఎదురుచూపు, రెండోది పునరుత్థానం. మనం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి, అదే మేడ అనుకుంటున్నాం.

మొదటి మెట్టు గురించి బైబిలు చెప్పింది తక్కువ. సిలువ మీద పక్కనున్న దొంగకు ఆ రోజే పరదైసులో ఉంటావని యేసు మాట ఇచ్చాడు కదా అంటారు ఒకరు. పాత గ్రీకు ప్రతుల్లో కామాలు లేవు, "నేడు" అన్నది ముందు మాటతో కలిపి చదవాలి అంటారు అడ్వెంటిస్టులు. లూథరు కూడా చాలాచోట్ల చావును నిద్రతోనే పోల్చాడు. పడుకున్నవాడికి ఎంతసేపు గడిచిందో తెలియదు, లేచేసరికి తెల్లారి ఉంటుంది. సమాధుల తోటకు గ్రీకులో పాత క్రైస్తవులు వాడిన మాటకు అర్థం కూడా పడుకునే చోటు అనే. క్రీస్తు శకం 50 ప్రాంతంలో థెస్సలొనీక సంఘంవాళ్ళకు ఇదే దిగులు. ప్రభువు వస్తాడని కూర్చుంటే మనవాళ్ళు ముందే చచ్చిపోతున్నారు, వాళ్ళ గతి ఏమిటి అని. పౌలు వాళ్ళకు ఇచ్చిన జవాబు చావు వివరాల గురించి కాదు. పోయినవాళ్ళు వెనకబడిపోరు, ముందు లేచేది వాళ్ళే అని.

రెండో మెట్టు మాత్రం మన లైన్లవాళ్ళకు బాగా తగిలే సంగతి. మిల్లులో మెషిన్లో పడి రెండు వేళ్ళు పోగొట్టుకున్న పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఓసారి కూటంలో లేచి, "అయ్యగారూ, అక్కడ నా వేళ్ళు నాకొస్తాయా?" అని అడిగారు. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముప్ఫై ఏళ్ళు ఒళ్ళు అమ్ముకుని బతికిన మనిషికి ఒంటి గురించి అడిగే హక్కు ఉంది. దానికి బైబిల్లో దొరికే జవాబులు రెండు. ఒకటి, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు చెప్పిన విత్తనం పోలిక. విత్తిన గింజ ఒకటి, లేచే మొక్క ఇంకొకటి, అయినా రెండూ వేరు కావు. వరి నాటేవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. రెండు, తిరిగి లేచిన యేసు ఒంటి మీద మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. తోమాకు చూపించింది వాటినే. అంటే దేవుడు ఒంటిని పారేసి కొత్తది కొనడు. గాయం పడిన ఒంటినే లేపుతాడు, కానీ ఆ గాయం ఇక బాధించదు. వేళ్ళ సంగతి అయ్యగారు సూటిగా చెప్పలేదు గానీ, ఈ రెండూ చదివి వినిపించారు. పెద్దాయన తల ఊపి కూర్చున్నారు.

ప్రకటన గ్రంథం ఆఖరి అధ్యాయాలు కూడా ఒకసారి నిదానంగా చదవండి. మన పాటల్లో మనం పైకి పోతాం. ఆ గ్రంథంలో నగరమే కిందికి దిగి వస్తుంది. దేవుడే మనుషుల మధ్య కాపురం పెడతాడు. పాటలు తప్పని కాదు. చావింట రాత్రంతా మనం పాడుకునే తెలుగు కీర్తనలకు దారి వేసిన పురుషోత్తమ చౌదరిగారు పర్లాకిమిడి ప్రాంతంలోనే 1803లో పుట్టినవారు, మన వైపు మనిషి. ఆ కీర్తనలు లేకపోతే చావింట రాత్రి గడవదు. కాకపోతే, ఈ భూమి ఎలాగూ కాలిపోయేదే కదా, దీని గురించి ఎందుకు అనే బోధకులు కొందరున్నారు. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2013లో పన్నెండు గ్రామసభలు కూర్చుని నియమగిరిని తవ్వొద్దని తీర్మానించినప్పుడు, కొండకు మొక్కేవాళ్ళ మూఢత్వం అని నవ్విన విశ్వాసులనూ చూశాను. కొత్త భూమి వస్తుందని నమ్మేవాళ్ళు ఉన్న భూమిని అంత చులకన చెయ్యడం నాకు అర్థం కాదు.

మా అత్తవారి నమ్మకం గురించి కూడా చెప్పాలి. కథోలికులు "ఉత్తరించు స్థలం" అంటారు. దేవుడితో స్నేహంలోనే పోయినా ఇంకా మరకలున్న ఆత్మ అక్కడ శుద్ధి అవుతుంది. అది నరకం కాదు, అక్కడ ఉన్నవాళ్ళంతా మోక్షానికి వెళ్ళేవాళ్ళే. 1274లో లియోన్ సభ, 1439లో ఫ్లోరెన్స్ సభ, 1563లో ట్రెంట్ సభ దీన్ని ఖాయం చేశాయి. ఆ శిక్ష తగ్గిస్తామని చీటీలు అమ్మడం మీదే 1517లో లూథరు తిరగబడ్డాడు. అమ్మకం పోయింది గానీ చీలిక మిగిలింది. ప్రొటెస్టెంట్లు చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించరు. ఆదరణ కూటం ఉన్నవాళ్ళ కోసమే అంటారు. పెళ్ళయిన కొత్తలో మా మామగారు నవంబరు 2న వాళ్ళమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తి పెట్టి పెదవులు కదుపుతుంటే నేను దూరంగా నిలబడేదాన్ని. ఇప్పుడు నేనే అగ్గిపుల్ల గీసి ఇస్తున్నాను. సిద్ధాంతం మారిందా అంటే, ఏమో. ఆ ముసలాయన తల్లితో రెండు మాటలు చెప్పుకునే చోటు అదొక్కటే అని మాత్రం తెలిసింది. సవర ముసలమ్మల గురించి చదివింది ఆ తర్వాతే.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న నన్ను అడిగింది మా లైన్లోని ఒక అప్ప. ఆమె విశ్వాసి. ఆయన కాదు. మిల్లులో బస్తాలు మోసేవాడు. ఇంట్లో పైడితల్లమ్మ పటం పెట్టుకునేవాడు. ప్రతి ఆదివారం ఆమెను సైకిలు మీద చర్చికి తెచ్చి, ఆరాధన అయ్యేదాకా బయట వేపచెట్టు కింద కూర్చుని, మళ్ళీ ఎక్కించుకుపోయేవాడు. ఇరవై రెండేళ్ళు. బాప్తిస్మం తీసుకోకుండానే పోయాడు. ఆమెను ఓదార్చడానికి పెట్టిన కూటంలోనే, బయటి ఊరి నుంచి వచ్చిన బోధకుడు ఒకాయన, ఆ మనిషి ఇప్పుడు మంటలో ఉన్నాడని మైకులో చెప్పాడు. మిగిలినవాళ్ళకు అది హెచ్చరికట.

నాలుగు రోజులు ఆమె అన్నం సరిగా తినలేదు. అయిదో రోజు మా గుమ్మంలో కూర్చుని, "ఏటమ్మా, నువ్వు పుస్తకాలు చదువుతావు గదా. నిజంగా ఆయన అక్కడే ఉన్నాడంటావా?" అంది.

"నాకేటి తెలుసప్పా, అడిగొస్తానుండు" అన్నాను. అయ్యగారినీ ఫాదరుగారినీ ఇద్దరినీ అడిగాను.

ఆ బోధకుడి మాటకు ఆధారం లేదని ఎవరూ అనలేదు. యేసు ద్వారా తప్ప తండ్రి దగ్గరికి దారి లేదని యోహాను సువార్తలో ఉంది, వేరే నామంలో రక్షణ లేదని అపొస్తలుల కార్యాల్లో ఉంది. వాటిని ఉన్నది ఉన్నట్టు పట్టుకునే సంఘాలు చాలా ఉన్నాయి, నిజాయితీగానే పట్టుకుంటాయి. కానీ అదే బైబిల్లో మత్తయి 25వ అధ్యాయం ఉంది. తీర్పునాడు రాజు అడిగేది ఆకలిగొన్నవాడికి పెట్టావా, పరదేశిని చేర్చుకున్నావా అని. కుడివైపు నిలబడ్డవాళ్ళకు తాము ఎప్పుడు పెట్టామో కూడా తెలియదు. రోమీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ధర్మశాస్త్రం తెలియకపోయినా మనస్సాక్షిని బట్టి నడిచినవాళ్ళ గురించి ఉంది. యేసు చనిపోయాక మృతుల లోకంలోకి దిగాడని విశ్వాస ప్రమాణమే చెబుతుంది. కథోలిక సంఘమైతే 1964లో వాటికన్ మహాసభలో ఖరాఖండిగా రాసుకుంది, తమ తప్పు లేకుండా సువార్త ఎరగని మనుషులు దేవుణ్ణి మనస్ఫూర్తిగా వెతికి మంచిగా నడిస్తే వాళ్ళకూ రక్షణ అందవచ్చని.

ఫాదరుగారు ఇంకో సంగతి చెప్పారు. పునీతులని, అంటే మోక్షంలో ఉన్నారని, వాళ్ళ సంఘం ఎంతోమంది పేర్లు ప్రకటించింది. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని మాత్రం ఒక్కరి పేరు కూడా అధికారంగా ప్రకటించలేదు. లూథరన్ అయ్యగారు మాట తక్కువ మనిషి. "తీర్పు తీర్చేది ఎవరో ప్రమాణంలో రాసుందమ్మా, ఆ పని మైకు పట్టుకున్నవాళ్ళది కాదు" అని ఊరుకున్నారు. నరకం ఉందా లేదా అన్నది వేరే వాదన. ఒక ఇంటి శవం మీద నిలబడి, ఆ శవం పేరు పెట్టి నరకం అనడానికి ఏ సంఘమూ ఎవరికీ కాయితం రాసివ్వలేదు. ఇది మాత్రం గట్టిగానే అంటాను.

ఇదంతా చెబితే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఇంకా తేలలేదన్నమాట" అంది. తర్వాత లేచి నీళ్ళ బిందె తీసుకుంది.

బాప్తిస్మం కాకుండా పోయిన పసిబిడ్డల తల్లులకు కూడా ఒక మాట. కథోలికుల్లో పూర్వం లింబో అనే ఒక అంచు లోకం ఉందని, ఆ బిడ్డలు అక్కడ ఉంటారని పండితులు అనేవారు. 2007లో వాటికన్ వేదాంత సంఘం ఆ బిడ్డలకు రక్షణ దొరుకుతుందని ఆశించడానికి గట్టి కారణాలున్నాయని రాసింది. ప్రాణం తీసుకున్నవాళ్ళకు సంఘ భూస్థాపన ఇవ్వకూడదని 1917 నాటి చట్టంలో ఉండేది, 1983 చట్టంలో అది తీసేశారు. దహనానికి 1963 నుంచే అనుమతి ఉంది. బూడిద ఇంట్లో దాచొద్దు, గాల్లో చల్లొద్దు, పవిత్రమైన చోట ఉంచమని 2016లో చెప్పారు. కాల్చిన ఒళ్ళు ఎలా లేస్తుందని భయపడేవాళ్ళకు, మట్టిలో పెట్టిన ఒళ్ళు మాత్రం ఎన్నాళ్ళుంటుంది అని తిరిగి అడగొచ్చు.

లోకాంతం తేదీల గురించి రాయమని మా ఆడపడుచు పట్టుబట్టింది. రెండు ముక్కలు చాలు. అమెరికాలో విలియం మిల్లర్ లెక్క ప్రకారం 1844 అక్టోబరు 22న రావాలి, రాలేదు. హెరాల్డ్ కేంపింగ్ 2011 మే 21 అన్నాడు, అదీ దాటిపోయింది. ఆ దినం తనకు కూడా తెలియదని యేసే చెప్పాడని మత్తయి, మార్కు రాశారు. తేదీ చెప్పి పొలం అమ్మించేవాళ్ళు వస్తే ఆ వచనం చూపించండి. "ఎత్తబడుట" కోసం ఎదురుచూసే వాళ్ళను నేను ఎగతాళి చెయ్యను. మా ఆడపడుచు రోజూ పడుకునేముందు గిన్నెలన్నీ కడిగి బోర్లిస్తుంది, రాత్రి ప్రభువు వస్తే ఇల్లు శుభ్రంగా ఉండాలని. ఆ ఇల్లు మాత్రం నిజంగానే అద్దంలా ఉంటుంది.

ఇక ఈ ఏటి పండుగ పనులు. రెండో తేదీకి ముందే సమాధుల తోటలో గడ్డి కోయాలి. లూథరన్ల వరసా కథోలికుల వరసా అని చూడకుండా ఈ కొసనుంచి ఆ కొసదాకా కోద్దామని ఆడవాళ్ళం అనుకున్నాం. సున్నం చందాల్లోంచి తెస్తారు, బ్రష్షులూ బకెట్లూ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. వాగు దగ్గర దహనం చేసుకున్నవాళ్ళకు, సమాధి లేనివాళ్ళకు కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలని మా అప్ప అడిగింది. చర్చి బయట వేపచెట్టు కింద పెట్టుకోవచ్చని అయ్యగారు ఒప్పుకున్నారు. పెట్టేవాళ్ళు ముందు ఎండుటాకులు ఊడ్చి పెట్టండి. పోయినేడు మంట అంటుకోబోయింది.